మెడ దాటని చీకటి

మిట్టమధ్యాహ్నం మా అక్క కిటికీకి కట్టిన నల్ల గొంగడిని రెండు చేతులా పట్టి గుంజింది. మేకులు గోడ పెచ్చులతో సహా ఊడివచ్చాయి. నెలల తరబడి వెలుతురు ఎరగని గదిలోకి మే నెల ఎండ పడింది. మంచం మీద, ఛాతీ కింది నుంచి ఒళ్లు కదలని మా బావ ముఖం పక్కకు తిప్పుకుని గొంతు చించుకున్నాడు.

"కట్టు! మళ్ల కట్టవే! నా నిద్ర ఎత్కపోతున్నవ్, దొంగముండా!"

అక్క గొంగడిని ఉండచుట్టి, గడప దాటి, గల్లీలోకి విసిరేసింది. అది ఎదురింటాయన మోటారు సైకిలు మీద పడి వేలాడింది. అరుపులు విని ఆ పక్కా ఈ పక్కా ఇళ్లవాళ్లు అప్పటికే గడపల్లో నిలబడ్డారు. బావ తల్లి వంటింట్లోంచి ఉరికివచ్చి అక్క కొప్పు పట్టుకుంది.

"సూడుండ్రి! నా కొడుకును సంపుతున్నది, అందరు సూడుండ్రి!"

"సంపుతున్నది నేనా? చెయ్యేసి సూడు అత్తా. నీ కొడుకు ఒంటి మీద రొట్టె కాల్తది."

ముసలమ్మ చెయ్యి వేసి చూడలేదు. కొప్పు వదలలేదు. నేను తడిపిన దుప్పటి పట్టుకుని వాళ్లిద్దరినీ తప్పించుకుని మంచం దగ్గరికి పోయాను. బావ కళ్లు ఎర్రగా, పెదవులు పగిలి ఉన్నాయి. నన్ను చూసి ఆయన గొంతు తగ్గించాడు. అది అరుపు కన్నా అధ్వానం.

"గిదంత నీ పనే, బామ్మర్ది. పేపర్ల అబద్ధాలు రాసి రాసి కడుపు నిండక గిప్పుడు నా మంచం కాడికి వచ్చినవ్."

దుప్పటి ఆయన మీద కప్పాను. వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు, అది చూస్తుండగానే ఆరడం మొదలుపెట్టింది.

ఇది ఎందుకు జరిగిందో చెప్పాలంటే ముందు మా బావ నిద్ర గురించి చెప్పాలి. ఆ ఇంట్లో దేవుడి తర్వాత పూజ జరిగింది దానికే. కొన్నాళ్లు దేవుడికి కూడా జరగలేదు.

శ్రీరాంపూర్ చుట్టుపక్కల బొగ్గుగనిని బాయి అంటారు. బావ పెళ్లికి ముందు నుంచే బాయి దిగుతున్నాడు. షిఫ్టులు వారం వారం మారుతుంటాయి. పొద్దున దిగే వారం, మధ్యాహ్నం దిగే వారం, రాత్రి దిగే వారం. రాత్రి షిఫ్టు వారం వచ్చిందంటే వాళ్లుండే కంపెనీ క్వార్టర్ల లైన్లో ఆ ఇంటి ఆడవాళ్లు కిటికీకి లోపలి వైపు నల్ల గొంగడి కడతారు. కంబళి గొంగడి. కురుమవాళ్లు నేసేది, మందంగా ఉండేది. పగలే గదిలో అర్ధరాత్రి చేస్తుంది. అది నిద్రపోయేవాడి కోసం ఎంతో, బయటివాళ్ల కోసం కూడా అంతే. కిటికీలో నలుపు కనిపిస్తే పిల్లలు ఆట ఇంకో వైపుకు మళ్లిస్తారు. పాలాయన గంట కొట్టడు. పక్కింటామె కుక్కర్ విజిల్ మోగకముందే పొయ్యి ఆపేస్తుంది. ఎవరూ ఎవరికీ చెప్పరు. ఈ వారం ఒకరి ఇల్లు, వచ్చే వారం ఇంకొకరిది. అందరికీ వంతు వస్తుంది కాబట్టి అందరూ పాటిస్తారు. నేను చూసిన మర్యాదల్లో అది మంచిదే.

మా బావ ఆ మర్యాదను హుకుంగా మార్చాడు. ఆయన నిద్రలో ఉన్నప్పుడు ఇంట్లో గిన్నె కింద పడితే ఆ పూట అన్నం గోడకు అంటుకునేది. పక్కింటి కోడిపుంజు పగటిపూట కూసే రకం. రెండుసార్లు చెప్పి చూశాడు. మూడోసారి దాన్ని పట్టి, కోసి, అక్కతో కూర వండించి, సగం గిన్నె ఆ ఇంటికే పంపాడు. "మీ పుంజు మస్తు రుచి ఉన్నదని చెప్పు" అన్నాడట. బతుకమ్మ రోజుల్లో లైన్లోని ఆడవాళ్లు ఆయన ఇంటి ముందు వాకిట్లో పెట్టుకుని ఆడుతుంటే బనీను మీదనే బయటికి వచ్చి, రాత్రి పదింటికి బస్సెక్కాలె, మీ చప్పట్లు మీ మొగని చెవుల కొట్టుకోండని అరిచాడు. ఆ తర్వాత వాళ్లు ఆ లైను చివరికి పోయి ఆడుకున్నారు. అక్క మాత్రం పోలేదు. పోనివ్వలేదు.

నాకు ఆయనంటే పడదు. ఆయనకు నేనన్నా పడదు. కరీంనగర్‌లో జిల్లా పేజీలకు వార్తలు రాస్తూ నేను బతికిన బతుకు ఆయన దృష్టిలో పనే కాదు. ఏ పెళ్లిలో కలిసినా పదిమందిలో మొదలుపెట్టేవాడు.

"మేము భూమి కిందికెల్లి బొగ్గు తీస్తం. మా బామ్మర్ది భూమి మీదికెల్లి పుకార్లు తీస్తడు. ఇద్దరిదీ నల్లపనే."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, అక్క ముఖం చూసి.

పొద్దుటి షిఫ్టు ముగించుకుని ఇంటికి వస్తున్న ఒక మధ్యాహ్నం ఆయన బండికి బర్రె అడ్డం వచ్చింది. హెల్మెట్ హ్యాండిల్‌కు వేలాడుతోంది. బర్రెకు ఏమీ కాలేదు. బావ మెడ ఎముక విరిగింది. కరీంనగర్‌లో ఆపరేషన్ చేశారు, ఎముకను ప్లేటుతో నిలబెట్టారు. లోపల నలిగిన వెన్నుపామును ఎవరూ నిలబెట్టలేకపోయారు. భుజాలు కదులుతాయి. మోచేతులు మడుచుకుంటాయి. మణికట్లు పైకి లేస్తాయి. వేళ్లు దేన్నీ పట్టుకోవు. ఛాతీ కింద ఏమీ తెలియదు. నోరు మాత్రం ఎప్పటిలాగే పని చేస్తుంది. అది నా మాట కాదు, అక్క మాట. ఆస్పత్రిలో ఆమె నవ్విన ఒకే ఒక్క సారి అదే.

క్వార్టర్ ఖాళీ చేసి, అంతకు ముందే కట్టుకున్న చిన్న సొంత ఇంటికి వచ్చారు. పాత లైనుకు అది రెండు గల్లీల దూరం. చుట్టూ బాయి దిగినవాళ్లూ, దిగుతున్నవాళ్లే. ముందు గదిలో మంచం వేశారు. అప్పటి నుంచి ఆయనకు రాత్రి నిద్ర లేదు. తెల్లారేదాకా అక్కను పిలుస్తూనే ఉంటాడు. పక్కకు తిప్పు. దిండు తియ్యి. దిండు పెట్టు. ముక్కు గోకు. పగలు ఒక కునుకు, రెండు కునుకులు, అదీ కళ్లు సగం తెరిచి. అక్క నిద్ర కూడా ఆయన నిద్రతోనే పోయింది, కానీ దాని గురించి ఎవరూ అడగలేదు.

కారణం ఏమిటో ముసలమ్మ మొదటి వారంలోనే తేల్చింది.

"నైట్ షిఫ్టు ఒంట్ల దిగింది. రాత్రి మేల్కొనుడు, పగలు పండుడు. జిందగంత గదే చేసిండు, ఒళ్లు ఎట్ల మరుస్తది?"

చూడడానికి వచ్చిన పాత కార్మికులందరూ అదే చెప్పారు. రిటైరైనంక మాకూ అట్లనే అయింది, సంవత్సరం దాకా రాత్రి కన్ను మూతపడలే, పగలు చీకటి చేసి పండుకోబెట్టండి, మెల్లగ దారికొస్తది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు అది నిజంగానే పనిచేసింది. వెలుతురు లేని బాయిలో రాత్రంతా ఉండి, పగలు గొంగడి కింద చీకటి తయారు చేసుకుని, ఆ చీకటితో ఒంటిని నమ్మించినవాళ్లు వాళ్లు. నిద్ర గురించి ఆ గల్లీకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే ఆ పొరపాటు ఆ గల్లీలోనే జరగగలిగింది. ఇంకో ఊరివాళ్లయితే నిద్రమాత్ర అడిగేవాళ్లు. తాయెత్తు కట్టేవాళ్లు. వీళ్లు గొంగడి కట్టారు.

అది మళ్లీ దిగలేదు. మొదట కిటికీకి. తర్వాత పైనున్న సందుకు ప్లాస్టిక్ పట్టా. తర్వాత తలుపు కింద పాత చీర. కూలర్ చప్పుడు పడటం లేదని దాన్ని వెనక్కి జరిపించాడు. అక్క జాకెట్లు కుట్టి ఇచ్చేది. ఆ మిషను మీద గుడ్డ కప్పించాడు. గల్లీ మొదట్లో మర్యాద పాటించింది. నెలలు గడిచేకొద్దీ వాళ్లకూ విసుగొచ్చింది. వంతు మారని గొంగడిని ఎంతకాలం ఓర్చుకుంటారు? పిల్లలు కావాలనే ఆ కిటికీ కింద బంతి కొట్టడం మొదలుపెట్టారు. ముసలమ్మ కర్ర పట్టుకుని వాకిట్లో కూర్చునేది. చీకటిని కాపలా కాసింది.

ఎండలు ముదిరాక బావకు జ్వరాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం కాగుతుంది, పొద్దుగూకితే తగ్గుతుంది, మర్నాడు మళ్లీ. అక్కడి డాక్టరు మూత్రం గొట్టం వల్ల ఇన్ఫెక్షన్ అన్నాడు. ఇలాంటి రోగులకు అది మామూలేనని సూదులు రాశాడు. పరీక్షలో ఏమీ దొరకలేదు. సూదులు ఆగలేదు, జ్వరమూ ఆగలేదు. ఒక రోజు అక్క ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, బయటి నుంచి మాట్లాడుతోంది.

"తమ్మీ, గా గదిల నేను కూసుంటె జాకెట్ పిండుకునుడే. చెమటలు కారుతయ్. ఆయనకు సుక్క లేదు. మొఖం మీద సుత లేదు. పొడిగ ఉంటడు, ముట్టుకుంటె కాల్తడు. ఎవ్వలనన్న అడుగు."

అడిగాను. కరీంనగర్‌లో ఒక నరాల డాక్టరమ్మ ఉంది. నేను పేపర్లో ఉన్నప్పుడు ఆస్పత్రుల వార్తలకు ఆమె దగ్గరికి పోతే కుర్చీ చూపించేది కాదు. ఇప్పుడూ చూపించలేదు. నేనే కూర్చున్నాను. గది గురించి, గొంగడి గురించి, పట్టా గురించి చెబుతుంటే ఆమె కలం పక్కన పెట్టేసింది.

"మే నెలల గొంగడి కట్టిండ్రా? మనిషిని పండబెట్టిండ్రా, మామిడికాయలు మాగబెట్టిండ్రా?"

"నిద్ర కోసం, మేడం. చీకటి ఉంటే వస్తుందని."

"ఆయనకు చీకటి ముట్టదు."

అర్థం కాలేదన్నాను. పేపరు మనిషికి అర్థం కాలేదంటే కోపమో ముచ్చటో గానీ, ఆమె బయట ఉన్నవాళ్లను కాసేపు ఆగమని చెప్పింది. తర్వాత ఆమె చెప్పింది ఇదీ.

మెదడు నట్టనడుమ కందిగింజంత గ్రంథి ఒకటి ఉంది. పీనియల్ అంటారు. రాత్రయితే అది మెలటోనిన్ అనే పదార్థాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అది మత్తుమందు కాదు. రాత్రి వచ్చిందని ఒళ్లంతటికీ వేసే చాటింపు లాంటిది. ఆ గ్రంథికి చూపు లేదు. చీకటి పడిందో లేదో దానికి స్వయంగా తెలియదు. చూసేది కన్ను. కంటి వెనక, మెదడు అడుగున ఒక చిన్న కణాల గుంపు ఉంది, ఒంటి గడియారం అదే. కన్ను దానికి వెలుతురు సంగతి చెబుతుంది. పగలంతా ఆ గడియారం గ్రంథిని పని చేయనివ్వదు. రాత్రి కాగానే వదులుతుంది. రాత్రి నడుమ కళ్ల మీద గట్టి వెలుతురు పడితే మళ్లీ ఆపేస్తుంది.

ఇంతవరకు సులువే. విచిత్రం ఆ మాట పోయే దారిలో ఉంది. గడియారమూ తలలోనే, గ్రంథీ తలలోనే. నడుమ బెత్తెడు దూరం లేదు. కానీ నరాల దారి నేరుగా లేదు. మాట మెదడులోంచి కిందికి దిగి, మెడ గుండా వెన్నుపాములో పడి, ఛాతీ పైభాగం దాకా పోతుంది. అక్కడ వెన్నులోంచి బయటపడి, మళ్లీ మెడ వెంట పైకి ఎక్కి, దవడ కింద లోపల ఉన్న ఒక నరాల ముడి దగ్గర చేతులు మారి, అక్కడి నుంచి పుర్రెలోకి దూరి గ్రంథిని చేరుతుంది. చివర ఆ నరాల కొసలు నార్‌అడ్రినలిన్ అనే పదార్థాన్ని వదిలితే, అప్పుడు గ్రంథి పని మొదలుపెడుతుంది.

"పక్కింటికి పోవడానికి ఊరంతా తిరగడమా?" అన్నాను.

"మీ పేపర్ల గట్ల కాదా? మీ ఆఫీసు ముందట బండి గుద్దుకుంటె గా వార్త హైదరాబాద్ పోయి అడిగి వచ్చినంకనే గద అచ్చయ్యేది?"

అది నిజం. ఆమె తన మెడ వెనక వేలు పెట్టుకుంది.

"మీ బావకు దారి యాడ తెగింది?"

చెప్పనక్కర లేదు.

"కన్ను చూస్తది. గడియారం మాట పంపుతది. మాట మెడ దాటదు. ఒక్క గొంగడి కట్టు, పది గొంగళ్లు కట్టు. ఆ గ్రంథికి రాత్రయిందని చెప్పేటోడు లేడు."

ఉద్యోగం మానినా అలవాటు పోలేదు. మీరు ఆయనకు కొలిచి చూశారా అని అడిగాను. ఆమెకు మళ్లీ కోపం వచ్చింది, కానీ దాటవేయలేదు.

"ఆయనకు కొలవలే. ఇక్కడ కొలిచే ఏర్పాటు లేదు. మెడల మొత్తానికి తెగినోళ్లకు వేరే కాడ కొలిచి చూసిండ్రు. రాత్రి రక్తంల పెరగాల్సింది పెరగలే. ఛాతీ కింద తెగినోళ్లకు మామూలుగనే పెరిగింది. మీ బావది మెడ. ఇంతే నేను చెప్పగలిగేది."

"అయితే ఇంక నిద్ర రాదా?"

"నేను గట్ల అన్ననా? అది లేకున్నా పండుకునేటోళ్లు ఉన్నరు. ఉండి పండుకోనోళ్లు ఉన్నరు. మెడ ఇరిగినోనికి నొప్పులు, బిగుసుకునుడు, ఊపిరి, దిగులు, గంటగంటకు పక్క తిప్పుడు. అన్ని నిద్ర చెడగొట్టేటియే. ఈ గ్రంథి పాలు అందుల ఎంతో నేను విడదీసి చెప్పలేను."

ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది. ఛాతీ దగ్గర వెన్నులోంచి బయటపడే ఆ నరాల గుంపే చెమటను కూడా పుట్టిస్తుంది. ముఖానికి పోయే చెమట నరాలు కూడా దవడ కింది ముడి మీదుగానే పోతాయి. పైనుంచి మాట దిగకపోతే ఎండాకాలంలో ఒళ్లు తనను తాను చల్లబరుచుకోలేదు. చుట్టూ గాలి ఎంత వేడెక్కితే ఒళ్లూ అంత వేడెక్కుతుంది. అక్క చెప్పిన పొడి ఒళ్లు, మధ్యాహ్నం కాగి సాయంత్రం తగ్గే జ్వరం అదే.

"నిద్ర లేక ఆయన ఈ వారం చావడు. గా గదిల ఉంటె చావొచ్చు. కిటికీ తెరవండి, తడిబట్ట కప్పండి, కూలర్ పెట్టండి. ఇంకోటి. ఆయన గడియారం బాగనే ఉన్నది. దానికి పగలన్నా పగలు లెక్క చూపియ్యండి. మీరు దాన్ని సుత చీకట్ల పెట్టిండ్రు."

మెలటోనిన్ మాత్ర బయట దొరుకుతుంది, రాసిస్తాను, పనిచేస్తుందని మాటివ్వను అంది. రాసి ఇచ్చింది. ఈసారి కూడా పొమ్మని చెప్పకుండానే తరువాతి మనిషిని పిలిచింది.

మర్నాడు సాయంత్రం ఆ చీకటి గదిలో, మొబైల్ వెలుగులో, విన్నదంతా వాళ్లకు చెప్పాను. వార్త రాసినట్టే చెప్పాను. ఎవరన్నారు, ఎందుకన్నారు, ఎంతవరకు తెలుసు. బావ చివరిదాకా విన్నాడు.

"నా తలకాయల కందిగింజ ఉన్నదని చెప్పనీకి కరీంనగర్ దాకా పోయినవా?"

"బావా, ఎండదెబ్బ అన్నది. ప్రాణం మీదికి..."

"గా డాక్టరమ్మ బాయి దిగిందా? నైట్ షిఫ్టు చేసిందా? నేను జిందగంత గీ గొంగడి కింద పండుకున్న. నిద్ర వచ్చిందా లేదా? మీ అక్కనడుగు. అబద్ధమా?"

అబద్ధం కాదు. అప్పుడు మెడ విరగలేదని అన్నాను.

"ఇరిగింది నా మెడ. పోయింది నా నిద్ర. నడుమ నీ కథలేంది? నాకు చీకటే కావాలె. కిటికీ తీస్తె గల్లీల పోయేటోడు ప్రతొక్కడు ఆగి నా పైపు దిక్కు చూసి పోతడు. నువ్వు రాసుకుంటవ్."

ముసలమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది. మెడ విరిగితే నిద్ర ఎట్లా పోతుంది, కాళ్లు పోతాయి గానీ అంది. కోడలు రాత్రిళ్లు లేవలేక, పగలు మిషను తొక్కుకోవాలని తమ్ముణ్ణి పిలిపించి చెప్పిస్తోందని కూడా అంది. "మొగడు పండుకుంటె నీ సొమ్మేం పోయింది? జర గంత చీకటి ఓర్వలేవా?" అని అక్క వైపు తిరిగింది. గల్లీ పెద్దమనిషి ఒకాయన, పాత కార్మికుడే, గడపలో నిలబడి విని, డాక్టర్లకు షిఫ్టు సంగతి తెలియదులే అన్నాడు. కాబట్టి ఆ గదిలో నేనొక్కణ్ణే తప్పు.

అక్క నన్ను ఒకే ఒక మాట అడిగింది.

"ఎండకు పోతడన్నదా? గట్లనే అన్నదా?"

"పోవచ్చు అన్నది."

అక్క గిన్నెలు తోముకోవడానికి వెనక్కి పోయింది. నేను ఆ పూట అక్కడే ఉండిపోయాను. మర్నాడు మధ్యాహ్నం బావ మాట తడబడింది. నన్ను బాయిలో పని చేయించే వాళ్ల పాత సర్దార్ పేరుతో పిలిచాడు. హాజరు మస్టర్ పడిందా అని అడిగాడు. అక్క ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీసి, నేరుగా కిటికీ దగ్గరికి నడిచింది. మిగతాది మొదటే చెప్పాను. వెలుతురు ముఖం మీద పడగానే తెలివి వచ్చినట్టయి ఆయన తిట్టిన తిట్లు, ఆ రోజుకు నాకు ఊరటగానే వినిపించాయి. తిట్టగలుగుతున్నాడు కదా అనుకున్నాను.

కొప్పు వదిలించుకున్న అక్క పట్టా కూడా చించేసింది. ఎదురింటాయన తన బండి మీద పడ్డ గొంగడిని పక్కన పడేసి, ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చి, కూలర్‌ను కిటికీకి తెచ్చి నీళ్లు నింపాడు. బావ ఆయన్ను కూడా తిట్టాడు. ఆయన వెనక్కి తిరిగి, "అన్నా, నా పుంజును తిన్నప్పుడు సుత నేనేమనలే" అని పోయాడు. పాత లైన్లో పక్కింటాయన ఆయనే. చీకటి పడేసరికి బావ ఒంటి వేడి దిగింది. ఆ ఎండాకాలం మళ్లీ జ్వరం రాలేదు.

అయినా ఆ ఇంట్లో ఎవరూ అక్కకు మంచి మాట చెప్పలేదు. ముసలమ్మ గోదావరిఖనిలో ఉన్న చిన్న కొడుకు ఇంటికి పోయింది. పోతూ పోతూ, కోడలు నా కొడుకు నిద్ర తీసి గల్లీల పారేసిందని బస్‌స్టాండ్ దాకా కలిసినవాళ్లకల్లా చెప్పింది. బావ నాతో మాటలు మానేశాడు. అక్కతో ఆజ్ఞలు తప్ప మాటలు లేవు. పేరు పెట్టి పిలవడం కూడా మానేశాడు. నాలుకతో చప్పుడు చేస్తాడు, ఎద్దును అదిలించినట్టు. అక్క మళ్లీ మిషను తొక్కుతోంది. దాని మీద ఆయన పళ్లు కొరుకుతాడు. రాత్రి నిద్ర పట్టనప్పుడల్లా పగలు కుట్టిన జాకెట్లే కారణమంటాడు. కూలర్ కారణమంటాడు. కిటికీ కారణమంటాడు. పగలు వెలుతురు పడుతున్న మాట నిజం. ఆయన కునుకులు తగ్గిన మాట కూడా నిజం.

రాత్రి నిద్ర మాత్రం నిలకడగా తిరిగి రాలేదు. నేను మొండిగా ఎదురుచూసింది అదే. వస్తే అక్క గెలిచినట్టు, ముసలమ్మ ఓడినట్టు అనుకున్నాను. అక్క మాత్ర తెచ్చి రోజూ పొద్దుగూకినాక మజ్జిగతో ఇచ్చింది. కొన్ని రాత్రులు ఆయన తెల్లారేదాకా పడుకున్నాడు. ఇంకొన్ని రాత్రులు మాత్ర వేసుకున్నా పిలుస్తూనే ఉన్నాడు. నడుమ కొన్నాళ్లు ఉమ్మేశాడు, అక్క మందు పెడుతోందని. ఉమ్మిన రాత్రుల్లోనూ ఒకటి రెండుసార్లు నిద్రపోయాడు. అందులోంచి లెక్క ఏమీ తేలలేదు.

నేను మళ్లీ కరీంనగర్‌లో ఆ డాక్టరమ్మ దగ్గరికి పోయి అడిగాను. ఈసారి కుర్చీ చూపించింది.

"తెలిస్తె చెప్తుంటి గద" అంది.

"అక్కనే నిద్ర పోగొట్టిందని ఆయన అంటున్నడు మేడం. కాదని నేనెట్ల చెప్పాలె?"

"మెడ ఇరిగిన నాటి నుంచే పోయింది, కిటికీ తీసిన నాటి నుంచి కాదని చెప్పండి."

"చెప్పిన. ఒప్పుకుంటలేడు. కిటికీ తియ్యకుంటే ఈపాటికి వచ్చేదంటడు."

అది కాదని ఎవరు చెప్పగలరు? జరగని దాన్ని ఎవరూ పరీక్షించలేరు.

మెడ దగ్గర వెన్నుపాము తెగినవాళ్లకు మెలటోనిన్‌ను బయటి నుంచి మాత్రగా ఇస్తే నిద్ర కుదుటపడుతుందా అన్నది డాక్టర్లలో ఇప్పటికీ తేలలేదు. కొందరికి కొంత మేలు కనిపించింది, కొందరికి కనిపించలేదు. మా బావ రక్తంలో రాత్రిపూట అది ఎంత ఉందో ఇంతవరకు ఎవరూ కొలవలేదు.